సైకిళ్ల గదిలో ఎక్కాలు

ముందుకు కదలని సైకిల్ తొక్కడానికి కడపలో ఎవరొస్తారని అడిగితే, ఆ అమ్మాయి నవ్వుతూ నా సీటు ఎత్తు సరిచేసింది. బద్వేలు నుంచి వచ్చి మా వీధిలో మేడ మీద గది అద్దెకు తీసుకుని, ఆడవాళ్ల వ్యాయామం కోసం ఆ సైకిళ్లు పెట్టింది. ఎవరు కాలు కింద పెట్టబోయినా "దిగొద్దక్కా!" అనేది. లెక్కల టీచరుగా రిటైరైన నేనూ ఆమెకు అక్కనే.

ఆ సాయంత్రం ఉచితంగా తొక్కి చూడమని వీధిలోని ఆడవాళ్లను పిలిచింది. వాళ్లు చేరకపోతే ఆ గదిని బట్టల కొట్టుకు ఇచ్చేస్తానని ఇంటి యజమాని అప్పటికే చెప్పాడు. స్పీకర్లో పెట్టిన పాట ఊపందుకోగానే కరెంటు పోయింది. అందరూ దిగబోయారు.

"దిగొద్దక్కా! సైకిల్‌కు కరెంటుతో ఏం పని?" అంటూ తనూ ముందున్న సైకిల్ ఎక్కింది.

"పాట లేకుంటే ఎట్ల తొక్కేది పాపా?" అంది పక్కింటి మార్తమ్మ.

ఆ అమ్మాయి నా వైపు తిరిగింది. "టీచరక్కా, ఎక్కాలు చెప్పు!"

"రెండొకట్ల రెండు," అన్నాను.

"రెండు రెళ్ల నాలుగు!" గదంతా అందుకుంది. కాళ్లు ఆ లయలో పడ్డాయి. ఎనిమిదో ఎక్కంలో మార్తమ్మ తప్పు చెబితే ఆ ఎక్కాన్ని మళ్లీ మొదటి నుంచి చెప్పించాను.

"ఈడ కూడా బెత్తమేనా టీచరమ్మా!" అని ఆమె రొప్పుతూ నవ్వింది.

ఇరవయ్యో ఎక్కం కూడా అయిపోయింది. "ఇంగ దిగుదామా?" అన్నారెవరో.

"దిగొద్దక్కా! మళ్లా రెండు నుంచి!"

కరెంటు వచ్చినా పాట ఎవరూ అడగలేదు. వెలుతురులో చూస్తే, తలుపు దగ్గర ఇంటి యజమాని మాతో గొంతు కలిపి ఎక్కం చెబుతున్నాడు.

"రేపటికి మా ఇంటామెకు ఒక సైకిల్ ఉంటాదా పాపా?" అన్నాడు.

అందరినీ దిగొద్దనే ఆ అమ్మాయి, అప్పుడు తానే సైకిల్ మీది నుంచి దూకేసింది.