చిన్నాయన కట్టిన సంగటిముద్ద ఇల్లు

చిన్నాయన పోయాడని చిన్నమ్మే ఫోన్ చేసింది. ఏడవలేదు. "మే పాపా, మీ చిన్నాయన పోయినాడు. ఆసుపత్రోళ్ళు తీసుకపొమ్మంటాండారు. యాడికి తీసుకపోదామో చెప్పు" అంది. హిందూపురం నుంచి ధర్మవరం దాకా ఎందరికో ఇళ్ళు కట్టి తాళాలు చేతికిచ్చిన మనిషాయన. ఆయన్ని ఏ ఇంటికి తీసుకుపోవాలో తెలియక ఆయన భార్య హిందూపురంలో ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని నన్నడుగుతోంది. నేను ఆ ఊళ్ళోనే తెలుగు టీచర్ని. ఆటో ఎక్కి పోయేదాకా ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూనే ఉన్నాను.

చిన్నాయన అంటే మా నాయనకు తమ్ముడు. ఇళ్ళ కంట్రాక్టరు. ముప్పై ఏళ్ళ పాటు జనం అడిగినట్టే కట్టాడు. ఇంత హాలు, అంత వంటిల్లు, పైన ఒక వాటర్ ట్యాంకు. వాటిని అగ్గిపెట్టెలు అనేవాడు. "ఎవురి అగ్గిపెట్టె వాళ్ళకు ముద్దు పాపా. అయినా ఒక్క ఇల్లన్నా నాకు నచ్చినట్ల కట్టి పోవల్ల" అనేవాడు. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చి రోడ్డు పక్క భూములకు రెక్కలు రావడంతో ఆ కోరికకూ రెక్కలొచ్చాయి. ధర్మవరంలో ఉన్న సొంత ఇల్లు అమ్మేసి, పెనుకొండకు ఇవతల చిన్నమ్మ పేరు మీదున్న స్థలంలో పని మొదలుపెట్టాడు. దొరలు కొనే ఇల్లు కట్టి అమ్మి, ఆ డబ్బుతో తమకో చిన్న ఇల్లు కొనుక్కోవాలని లెక్క. అందాకా పెనుకొండలో ఒక మేడ మీద అద్దెకు దిగారు.

ఆ ఇల్లు చూడాల్సిందే. నలుచదరపు గది ఒక్కటీ లేదు. కొండరాయి గోడలు గుండ్రంగా తిరిగి వస్తాయి. నడిమధ్య పెద్ద హాలు, దాని మీద రాతి గుమ్మటం. గుమ్మటం నెత్తిన మన పాత మట్టి మిద్దెలకు వెలుతురు కోసం పైకప్పులో పెట్టే గవాచి లాంటి కిటికీ, దానికి గాజు మూత. పొద్దున పడమటి గోడ మీద పడిన ఎండ బిళ్ళ సాయంత్రానికి తూర్పు గోడ మీదికి పాకుతుంది. పడకగదులు, స్నానాల గదులు, కార్లు నిలిపే చోటు దేనికీ వంక పెట్టలేం. బెంగుళూరు పత్రికల్లో బొమ్మ వేయదగ్గ ఇల్లు. మా చుట్టుపక్కల జనం మాత్రం ఒక్క చూపులో దానికి పేరు పెట్టేశారు: సంగటిముద్ద ఇల్లు. రాగి ముద్ద కంచంలో బోర్లించినట్టే ఉంటుంది మరి. ఆ పేరు వింటే చిన్నాయన కోపగించుకునేవాడు కాదు. "ముద్ద తిననోడు ఈ సీమలో ఎవుడుండాడు?" అనేవాడు.

ముద్దకు మూలలుండవు. అక్కడొచ్చింది చిక్కు. మొట్టమొదట వచ్చిన హిందూపురం పెద్దమనిషి తన వెంట వాస్తు ఆయన్ని తెచ్చాడు. ఆయన హాలు మధ్యలో నిలబడి, ఫోన్లో దిక్సూచి పెట్టుకుని గిర్రున తిరిగాడు. "ఏమప్పా, ఈశాన్యం మూల యాడుండాది?" అన్నాడు.

"గుండ్రటి ఇంటికి మూల యాడ తెచ్చేది సామీ? ఈశాన్యం దిక్కయితే ఉండాది, అదో ఆ పక్క" అన్నాడు చిన్నాయన.

"మూల లేని ఇంట్లో దేవుడు యాడ కూచుంటాడప్పా? దుడ్లు పోసి దిక్కు కొనుక్కోమంటావా?" అని ఆయన చెప్పులేసుకున్నాడు. తర్వాత వచ్చినవాళ్ళంతా కొంచెం అటూ ఇటూగా అదే మాట అన్నారు. ఫ్యాక్టరీ నుంచి కొరియా వాళ్ళు కూడా వచ్చారు. చెప్పులు వదిలి లోపలికి వచ్చి, తల ఎత్తి గుమ్మటం చూసి, చిన్నాయనకు వంగి వంగి దండాలు పెట్టి, ఫోటోలు తీసుకుని వెళ్ళిపోయారు. పెళ్ళికి ముందు ఫోటోలు దిగే జంటలైతే లెక్కలేదు. ఇల్లు అందరికీ నచ్చింది. కొనడానికే ఎవరూ లేరు.

రెండేళ్ళు చూసి చూసి, ఉండబట్టలేక, ఈశాన్యం దిక్కున చదరంగా ఒక దేవుడి గది అతికించాడు. గుండ్రటి ఇంటికి బొడిపె లేచినట్టు ఉండింది. దాన్ని చూసి వాస్తు వాళ్ళు చాలదన్నారు. గుండ్రటి ఇల్లని ముచ్చటపడి బెంగుళూరు నుంచి వచ్చినవాళ్ళు అందమంతా పాడయిందన్నారు. ఇల్లు రెంటికీ చెడ్డ రేవడి అయింది. కట్టిన చేత్తోనే చిన్నాయన ఆ దేవుడి గదిని పడగొట్టించాడు.

అమ్మకం ప్రకటన రాయడానికి నన్ను పిలిచేవాడు. నేను "అద్భుతమైన లగ్జరీ విల్లా" అని రాస్తే కొట్టించేశాడు. "విల్లా గిల్లా వద్దు, ఇల్లని రాయి. కొనేటోళ్ళకు ఉండేది ఉన్నట్ల చెప్పల్ల. బీట మీద సున్నం పూస్తే మనిషికి తెలీదు గానీ వానకు తెలుస్తాది." గుమ్మటం కింద గట్టిగా మాట్లాడితే గొంతు మోగుతుందని కూడా రాయించాడు. అమ్మేవాడు ఎవడైనా తన సరుకు లోపం తానే చాటుకుంటాడా? ఆయన చాటుకున్నాడు. ఆదివారం ఆదివారం పోయి ఆ ఖాళీ ఇల్లంతా ఊడ్చేవాడు. రోడ్డు మీద పోయేవాళ్ళకు కనబడాలని పొద్దుగూకగానే దీపాలన్నీ వేసేవాడు. తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు.

"అమ్ముడుపోకపోతే మీరే అందులో ఉండొచ్చు కదా" అని ఒకసారి అన్నాను. "పాలు పొంగించేది కొన్నోళ్ళు పాపా. మనం ఒగ దినం పండుకున్నా అది పాత ఇల్లే" అన్నాడు. ఆ మాట వెనకే అసలు భయం చెప్పాడు. వాళ్ళ కింది వాటాలో అద్దెకుండే ముసలాయన పోతే, ఇంటాయన శవాన్ని గడప దాటనివ్వలేదు. అద్దె ఇంట్లో చావు పడకూడదని మా దగ్గర పట్టింపు. వీధిలోనే స్నానం చేయించి, వీధిలోంచే ఎత్తారు. అది చిన్నాయన మేడ మీద నుంచి చూశాడు. "నాకు పెద్ద ఇల్లు వద్దు. రెండు గదులుంటే సాలు. సచ్చినప్పుడు నన్ను బయటికి తెచ్చేదానికి ఒగ సొంత గుమ్మం ఉండల్ల" అన్నాడు. ఆ మాట సిమెంటు ధర చెప్పినంత మామూలుగా చెప్పాడు.

ఎట్టకేలకు బెంగుళూరు నుంచి ఒక డాక్టర్ల జంట వచ్చింది. వాళ్ళకు వాస్తుతో పని లేదు. ఆ అమ్మాయి హాలు మధ్యలో నేల మీద కూర్చుండిపోయి "ఇంక వేరే ఇల్లు చూడను" అంది. ఆమె అత్తగారు ఒక్కటే అడిగిందట, ఇంట్లో అశుభం ఏదీ జరగలేదు కదా అని. "పాలు గూడా పొంగని ఇల్లు తల్లీ" అన్నాడట చిన్నాయన. గురువారం రిజిస్ట్రేషన్ అనుకున్నారు. ఆదివారం పొద్దున ఎప్పటిలాగే ఇల్లు ఊడవడానికి పోయి, చీపురు పట్టుకునే గేటు దగ్గర కూలబడ్డాడు. హిందూపురం తెచ్చారు కానీ ప్రాణం నిలబడలేదు.

చివరికి ఆంబులెన్సులో పెనుకొండ అద్దె ఇంటి ముందుకే తెచ్చాం. ఆ ఇంటి ఓనరు మంచివాడే. కండ్లనీళ్ళు పెట్టుకుంటూనే చేతులు జోడించాడు. "అమ్మా, మా పాప పెండ్లి పెట్టుకోనుండాము. లోపలికి మాత్రం వద్దు." షామియానా, కుర్చీలు తన ఖర్చుతోనే వేయించాడు. మా నాయన మండిపడ్డాడు. "నా తమ్ముడు అంత ఇల్లు కట్టినాడు. వాడిని రోడ్డు మీద పండబెడతారా? పదండి, వాడింటికే తీసుకపోదాం" అని ఆంబులెన్సు డ్రైవర్ని తిప్పమన్నాడు. నేనూ అదే అనుకున్నాను. చిన్నమ్మ ఆంబులెన్సు ముందుకు పోయి నిలబడింది.

"వద్దు బావా. శవం పోయిన ఇంటిని గురువారం ఎవురు కొంటారు? ఆ ఇల్లు అమ్ముడుపోవల్లనే ఈయప్ప పానం పోగొట్టుకునింది. అది పోకుంటే రేపు నన్నూ ఇట్లనే రోడ్డు మీద పండబెడతారు. ఒగరు సాలదా?"

మా నాయన డ్రైవర్ని బండి ఆపమన్నాడు. చిన్నాయన్ని ఆ వీధిలోనే పడుకోబెట్టాం. దారిన పోయే స్కూటర్లు నెమ్మదిగా పక్కకు తప్పుకుని పోయాయి. ఏ చావునైతే ఆయన మేడ మీద నుంచి చూసి భయపడ్డాడో, అదే ఆయనకు వచ్చింది. నా ఏడుపంతా కోపమైపోయింది. ఎవరి మీద కోప్పడాలో ఇప్పటికీ తెలియడం లేదు.

గురువారం పొద్దున చిన్నమ్మ తలంటుకుని, పట్టుచీర కట్టి, ముఖానికి పసుపు పూసుకుంది. మా ఇళ్ళలో బొట్టు, గాజులు పదో దినం తీస్తారు. "అందాకా నేను ముత్తైదువనే గదా" అంది నన్ను చూడకుండా. మైలలో బయటికి పోవడమేమిటని ఆడవాళ్ళు గుసగుసలాడారు. ఆమె విననట్టే ఆటో ఎక్కింది. ఆఫీసులో వేలిముద్రలు వేసింది, ఫోటోకు కూర్చుంది. డాక్టరమ్మ "అంకుల్ రాలేదేం?" అంటే "రాలేడమ్మా. తాళాలు నన్ను ఇయ్యమన్నాడు" అంది.

తాళాలు ఆ ఇంటి గేటు దగ్గర ఇచ్చింది. ఆ అమ్మాయి రెండు చేతులా అందుకుని, సంచిలోంచి కుంకుమ భరిణె తీసి చిన్నమ్మకు నిండుగా బొట్టు పెట్టింది. తలలో పూలు తురిమింది. కాళ్ళకు దండం పెట్టింది. చిన్నమ్మ ఆమె తల మీద చెయ్యి ఉంచి "పసుపు కుంకుమలతో సల్లగా ఉండు తల్లీ" అని దీవించింది.

అత్తగారు మంచి రోజు చెప్పాక వచ్చి పాలు పొంగిస్తామని చెప్పి వాళ్ళు కారెక్కారు. కారు కదిలింది. నేను ఇంక పోదాం రమ్మని చెయ్యి పట్టుకున్నాను.

"ఉండవే పాపా. ఆయమ్మ ఎనక్కి తిరిగి చూస్తాదేమో" అంది చిన్నమ్మ.

నుదుటి కుంకుమ చెమటకు కరిగి ముక్కు మీదికి జారుతోంది. తుడుచుకోలేదు. కారు రోడ్డు మలుపు తిరిగేదాకా ముఖాన నవ్వు చెదరనీయకుండా, చెయ్యి ఊపుతూ అక్కడే నిలబడింది.