గంగవాయిలు కట్ట

దయ్యాలున్నాయనే వాళ్లను చూస్తే నాకు నవ్వు రాదు, ఒళ్లు మండుతుంది. నేను సర్కారు బడిలో సైన్సు చెబుతాను. ఇలాంటి నమ్మకాల వల్లే మా అమ్మ ఆఖరి చూపు నాకు దక్కలేదు. ఇది చదివి నేను మారిపోయానని ఎవరైనా అనుకుంటే అది వాళ్ల ఇష్టం.

అమ్మ నాచారంలో మా తమ్ముడు మల్లేశ్ ఇంట్లో పోయింది. అప్పుడు నేను సూర్యాపేటలో ఏడు నెలల గర్భిణిని. అంతకు ముందు రెండుసార్లు కడుపు పోయింది. కడుపుతో ఉన్నవాళ్లు శవాన్ని చూడకూడదట. అంతా అయిపోయిన మర్నాడు ఫోన్ చేశాడు తమ్ముడు. "నువ్వు కొనిచ్చిన చీరెనే కట్టించి సాగనంపినమక్కా" అన్నాడు, అక్కడికేదో నన్ను ఉద్ధరించినట్టు. ఆ పూటే వాడి నంబర్ బ్లాక్ చేశాను. పాప పుట్టినా కబురు పెట్టలేదు, రెండేళ్లు వాడి గడప తొక్కలేదు.

మొన్న వేసవిలో ట్రైనింగ్ ఉంటే ఉప్పల్ వచ్చి, తోటి టీచర్ ఇంట్లో దిగాను. ఒక సాయంత్రం ఆమె నాచారం వారపు అంగడికి వెళుతుంటే నేనూ వెళ్లాను. ఇంకా బాగా వెలుతురుంది.

ఘట్‌కేసర్ వైపు నుంచి సొంత చేను కూరలు తెచ్చి అమ్మే ఒకామె దగ్గర పాలకూర ఏరుతున్నాను. అడుగున ఒకే ఒక్క గంగవాయిలు కూర కట్ట కనబడింది. చేతిలోకి తీసుకుని దాని కట్టు చూశాను.

మా అమ్మ ముప్పై ఏళ్లు ఆకుకూరలు అమ్మింది. దారమైతే కాడలు తెగుతాయని పాత చీర పేలికతో కట్టేది. రెండు చుట్లు చుట్టి, కొసను కిందికి మడిచి దోపేది. లాగితే ఒక్క పట్టున ఊడొచ్చేది. ఎంత నేర్పినా నాకూ తమ్ముడికీ అది చేతకాలేదు. ఈ కట్టు అచ్చం అదే. పైగా ఆ పేలిక నేను కొన్న ఆకుపచ్చ చీరది. పీకో కుట్టినవాడు పచ్చ దారం లేదని కొంగంచుకు నీలం దారం వేస్తే, వాడితో గొడవ పెట్టుకున్నాను. ఆ నీలం కుట్టు పేలిక అంచున ఉంది.

"ఇది నేను గట్టింది గాదక్కా. నేనన్నిటికి రబ్బర్లే ఏస్త. మా చేన్ల అసలు గంగవాయిలే లేదు. ఏడికెల్లొచ్చిందో ఏమో, తీస్కపో" అంది ఆమె.

నాకు దయ్యం గుర్తుకు రాలేదు. తమ్ముడు అబద్ధమాడాడనిపించింది. చీర కట్టించలేదు, చించి గుడ్డపేలికలు చేసుకున్నారు, అవి ఎవరెవరి చేతుల్లోకో పోయాయి. తోడొచ్చినామె పిలుస్తున్నా వినకుండా ఆటో ఎక్కి నేరుగా వాడింటికి పోయాను.

తలుపు తీసిన మల్లేశ్ ముఖం ముందు కట్ట పెట్టి, "ఇదేనా మీరు అమ్మకు కట్టించిన చీరె" అని అడిగాను. వీధంతా వినబడే ఉంటుంది. వాడు ఆ కట్టును వేలితో తడిమి చూశాడు. తర్వాత ఫోన్ తీసి ఒక ఫోటో చూపించాడు. పాడె మీద అమ్మ, ఒంటి మీద ఆ ఆకుపచ్చ చీర. పెద్దది చేసి చూశాను. గుండెల మీద పరిచిన కొంగుకు ఈ చివర నుంచి ఆ చివరి దాకా నీలం దారం ఉంది. ఎక్కడా చిరుగు లేదు.

"నీ కాన్పయినంక పంపుదామనే తీసిన. నువ్వు బ్లాక్ జేస్తివి. ఆ చీరెతోనే కట్టెల మీద పెట్టినం, నా చేతులతోనే నిప్పు వెట్టిన" అన్నాడు.

"మరి నాకెందుకు చెప్పలేదురా?"

"తన నెత్తి మీద నా చెయ్యి పెట్టించి ఒట్టేయించుకున్నది అమ్మ. ఈ కడుపు గూడ పోతే అక్క బతకది, నా శవాన్ని దానికి సూపియ్యకు అన్నది. నేనేం జెయ్యాలె?"

రెండేళ్లు తిట్టుకున్నది వాడినీ, వాడి భార్యనూ.

కూర వాడిపోతే పారేశాను. పేలికను బడి ల్యాబులో భూతద్దం కింద పెట్టి చూశాను. మామూలు గుడ్డ, మామూలు దారం, కాలిన గుర్తు లేదు. అది అంగడికి ఎలా వచ్చిందో నాకు ఈనాటికీ తెలియదు.

తమ్ముడితో ఇప్పుడు మాట్లాడుతున్నాను. కోపం మాత్రం తగ్గలేదు, అమ్మ మీదికి మళ్లింది. ఆ కట్ట ఆమె పనేనని నేను ఒప్పుకోను. ఒప్పుకుంటే ఆమెను ఒక్క మాట అడగాల్సి వస్తుంది. నన్ను తమ్ముడింటికి తోలడానికి అంగడి దాకా రాగలిగినదానివి, ఆ రోజు నన్ను నీ దగ్గరికి ఎందుకు రానివ్వలేదు?