ఒక్క లైనుతో బాగుపడ్డ సాకెట్

ఉప్పల్‌లోని ఒక రక్తపరీక్షల ల్యాబును నేను ఒక్క లైను కోడుతో కాపాడాను. పెళ్ళి విందుల్లోనూ, మెట్రోలో పక్క సీటు వాళ్ళకూ చెప్పీ చెప్పీ అరగదీసిన మాట ఇది. ఇందులో ల్యాబు నిజం, ఉప్పల్ నిజం. మిగతాది చివరికొచ్చేసరికి మీకే తెలుస్తుంది. ఒక్కటి మాత్రం ముందే చెబుతున్నా, ఆ రోజు నేను ముంచినంత నిండుగా మా ఆఫీసును ఏ వానా ముంచలేదు.

అప్పటికి నేను రిటైరవడానికి ఇంకా రెండేళ్ళున్నాయి. నాచారంలో ఒక మసాలాల గోడౌను పైన మా ఆఫీసు. తుమ్ములతో పని మొదలుపెట్టి తుమ్ములతో ముగించేవాళ్ళం. మనుషులం ఆరుగురం, కస్టమరు ఒక్కరే, ఆ ల్యాబు. ఉప్పల్ కౌంటర్లోని కంప్యూటరు "ఫలానా ఆయన షుగర్ రిపోర్టు ఇవ్వు" అంటే, నాచారంలో ఉన్న మా సర్వరు వెతికి పంపాలి. దూరాన ఉన్న కంప్యూటరుకు ఇలా పని చెప్పి జవాబు తెప్పించుకోవడాన్ని మేం రిమోట్ కాల్ అంటాం. ఆ మాటలు వచ్చీ పోయే ద్వారం పేరు సాకెట్. ఈ పేరు గుర్తుంచుకోండి, నా పరువు చిక్కుకున్నది దానికే.

ఒక సోమవారం పొద్దున ఇంటినుంచి కొత్త కరెంటు కెటిల్ తెచ్చి నా బల్ల కింద తగిలించుకున్నాను. అందరికీ విడివిడిగా చాయ్ కాచి ఇచ్చి, పెళ్ళికొడుకు తండ్రిలా మురిసిపోతున్నాను. అంతలో ల్యాబు కౌంటరు నుంచి కవిత ఫోను.

"సారూ, రిపోర్టులు వస్తలేవు. వస్తే ఒకటి వస్తుంది, మల్ల ఆగుతుంది. లైన్ రోడ్డు దాకా పోయింది. పరగడుపున వచ్చిన పెద్దమనుషులు నన్నే తినేటట్టున్నరు."

"కంగారుపడకమ్మా. అది సాకెట్ సమస్య. నేనున్నాగా!"

"మీరున్నరనే భయం సారూ. సాయంత్రం లోపట గాకపోతే వేరే సాఫ్ట్‌వేర్ పెట్టిస్తనంటున్నది మా మేడం."

మా యజమాని నర్సింహారెడ్డి పక్కనే నిలబడి అంతా విన్నాడు. "అన్నా, గా ల్యాబ్ పోతే మనమంతా కిందికి దిగి మిరపకాయలు దంచుకోవాలె. యాదుంచుకో."

గొప్ప ఆలోచన ఏదైనా నాకు చాయ్‌తోనే వస్తుంది. కెటిల్ స్విచ్చి వేశాను. నీళ్ళు మరిగేలోపే రోగం దొరికింది! ఉప్పల్ చౌరస్తాలో షేర్ ఆటోవాణ్ణి చూశారుగా? "ఒక్కరే, ఒక్కరే" అని అరుస్తూ, బండి నిండేదాకా కదలడు. సాకెట్టూ అంతే. చిన్న మాట ఒకటి చేతికిస్తే, ఇంకో నాలుగు పోగయ్యేదాకా పట్టుకుని కూర్చుంటుంది. వెంటనే బయల్దేరదీసే లైను ఒకటుంది. రాసేసి, కప్పు చేత్తో పట్టుకుని ఫోను చేశాను.

"ఇప్పుడు చూడమ్మా, విమానమే!"

"ఏం విమానం సారూ, లేవనే లేదు."

మళ్ళీ కెటిల్ పెట్టాను. ఈసారి అసలు కిటుకు తట్టింది. మా ప్రోగ్రాము ఇంటిపేరు ఒకసారి, పేరు ఒకసారి, వయసు ఒకసారి ముక్కలుగా పంపుతోంది. ఆగడం మానిపించానా, ఇప్పుడు ముక్కకో ఆటో! అన్నీ మూటగట్టి ఒకే ఆటోలో ఎక్కించాను. మళ్ళీ చాయ్, మళ్ళీ ఫోను.

"నడుమల మంచిగనే ఉరికింది సారూ, గిప్పుడే ఆగింది. మీరు ఫోన్ జేసినప్పుడల్లా ఆగుతుంది. జర ఫోన్ చేయకున్రి, దండం పెడ్త."

ఆ పిల్ల నిజమంతా చేతిలో పెట్టింది. పట్టుకునే చెయ్యి ఖాళీగా ఉంటేగా, కప్పుంది! కాల్‌కో కొత్త సాకెట్ తెరవకుండా, తెరిచిందే వాడుకునేలా మార్చాను. ఇంకో కెటిల్ అయింది. ల్యాబు మాత్రం ఎక్కడిదక్కడే.

మధ్యాహ్నానికి, భుజాన సంచీతో యాదగిరి ఊడిపడ్డాడు. ఆ వీధికంతటికీ ఎలక్ట్రీషియన్ అతనే. పొద్దుటినుంచి నా నోట "సాకెట్, సాకెట్" విని విని నర్సింహారెడ్డి పిలిపించాడట.

"ఏ సాకెట్ సారూ?"

"ఇది నీ సాకెట్ కాదయ్యా. కంటికి కనపడదు, చేతికి అందదు."

"కనపడనిది ఖరాబైందని మీకెట్ల కనపడ్డది?"

"చదువుకున్నాం కాబట్టి! కూర్చో, చాయ్ తాగి వెళుదువుగాని." మర్యాదకు కెటిల్ స్విచ్చి వేశాను.

యాదగిరి కూర్చోలేదు. బల్ల కిందికి వంగి చూశాడు. "సారూ, గీ డబ్బా బత్తులు ఆరిపోయినయేంది?"

ఆ డబ్బా మా నెట్‌వర్కు తీగలన్నీ కలిసే పెట్టె. అదీ, నా కెటిలూ ఒకే వదులు ప్లగ్గుల బోర్డు మీద వేలాడుతున్నాయి. కెటిల్ వేస్తే పెట్టె ఆరిపోతుంది. అది మళ్ళీ లేచి, ఒళ్ళు విరుచుకుని, తీగలన్నిటినీ పలకరించేదాకా ఉప్పల్ నోరు తెరుచుకుని ఉండాల్సిందే. ఎంత బాధ్యతగా ఆలోచిస్తే అంత చాయ్, ఎంత చాయ్ అయితే అంత ఆలస్యం. రోగులను పరగడుపున నిలబెట్టింది నా బుర్ర కాదు, నా దాహం!

కెటిల్ పీకేశాడు. కాసేపటికి కవిత ఫోను. "సారూ, ఉరుకుతుంది! లైనంత ఖాళీ! ఏం జేసిన్రు?"

నేను యాదగిరిని చూశాను. యాదగిరి నన్ను చూశాడు.

"ఒక్క లైను, తల్లీ" అన్నాను. కెటిల్ వైరు కూడా లైనే కదా!

ల్యాబు మాతోనే ఉంది. యాదగిరికి చాయ్ ఇచ్చి, భుజం తట్టి సాగనంపాను. ఆ కెటిల్ మీద కుడిచెయ్యి వేసి ఇప్పుడు ప్రమాణం చేస్తున్నాను: బల్ల కిందికి వంగి చూడకుండా ఇక ఈ జన్మలో ఏ సాకెట్‌కూ వైద్యం చెయ్యను.

ఇదంతా నిన్న యాదగిరికి చదివి వినిపించాను. శ్రద్ధగా విని, బీడీ ఆర్పి అన్నాడు:

"అంత మంచిగనే రాసిన్రు. గానీ నాకు చాయ్ ఏడిచ్చిన్రు సారూ? కెటిల్ నేనే పీకేస్తిని గద. భుజం గూడ తట్టలే. రెండు చేతులు పట్టుకుని, 'ఎవ్వరికీ చెప్పకయ్యా' అన్నరు."