పొలానికి పంపిన కుక్క

మా చిన్నమ్మ, అంటే అమ్మ చెల్లెలు, జహీరాబాద్‌లో మా ఇంటి ముందు గదిలో ఉండేది. భర్త పోయాక జాకెట్లు కుట్టి బతికింది. అమ్మ పోయినప్పుడు నేనింకా బడికి పోతున్నాను. నాకు జడ వేసింది, చదివించింది, పెళ్లి చేసింది ఆమే. నేను టీచరునయ్యాక మిషన్ మూసెయ్యమంటే, "చేతులు ఊకె ఉంటె మనిషి ఊకె ఉండడు" అనేది.

ఎదురిల్లు ఒక హార్డ్‌వేర్ షాపాయనది. వాళ్లది బీదర్ వైపు. ఇంట్లో కన్నడం మాట్లాడేవాళ్లు, పెంచుకున్న కుక్కతో కూడా. అది పెద్ద గోధుమరంగు కుక్క. పొద్దున్నే గేటు తీసి వదిలేస్తే వీధి చివరి ఖాళీ ప్లాట్లలో తిరిగి తిరిగి వచ్చేది. మెడకు పట్టీ తప్ప గొలుసు ఉండేది కాదు.

ఒకసారి నేను అడిగాను. "అన్నా, దానికి ఏటేటా టీకా ఏయిస్తున్నవా? మున్సిపాలిటీల రాయించాలంట గదా."

ఆయన నవ్వాడు. "చిన్నగున్నప్పుడు ఏయించిన చెల్లె. ఇది ఇంట్ల కుక్క. దీనికేం లైసెన్స్?"

ఆ వానాకాలం అది ప్లాట్లలో వీధి కుక్కలతో కొట్లాడి చెవి చించుకొని వచ్చింది. పసుపు పెట్టి ఊరుకున్నారు. దసరా ముందు చిన్నమ్మ కుట్టిన జాకెట్లు ఇవ్వడానికి వాళ్లింటికి వెళ్లింది. ఎప్పుడూ ఆమె కాళ్ల చుట్టూ తిరిగే కుక్క ఆ రోజు మెట్ల కింద ముడుచుకొని పడుకుంది. మొరగలేదు. లేచి వచ్చి ఆమె ఎడమ మణికట్టు కరిచి పట్టుకుంది. ఆయన కర్రతో కొడితే గానీ వదల్లేదు.

నేను ఆమె చేతిని నల్లా కింద పెట్టి సబ్బుతో చాలాసేపు కడిగి దవాఖానకు తీసుకెళ్లాను. డాక్టరమ్మ మొదటి సూది వేసింది. మాతో వచ్చిన షాపాయన వైపు తిరిగి, "కుక్కను కట్టేసి పది రోజులు చూడండి. దానికేమైనా అయితే వెంటనే చెప్పాలి" అంది. మాతో మాత్రం, "కుక్క బాగున్నా సరే, మిగతా సూదులు ఆపొద్దు" అంది.

మర్నాటి నుంచి ఆ కుక్క కనిపించలేదు. అడిగితే, "పొలానికి పంపిన చెల్లె. ఇక్కడుంటె మల్ల ఎవరినన్న కరుస్తదని. కోహీర్ కాడ పొలంల కట్టేసినం" అన్నాడు.

రెండో సూదికి పోవాల్సిన రోజు చిన్నమ్మ మిషన్ దగ్గరి నుంచి లేవలేదు. దసరా జాకెట్లు కుప్పగా పడి ఉన్నాయి. నేను బడికి సెలవు పెడతాను, పద అన్నాను. సరిగ్గా అప్పుడే ఆయన వాకిట్లోకి వచ్చాడు.

"కుక్క మంచిగున్నది అక్కా. అన్నం తింటున్నది, ఉరుకుతున్నది. ఫికర్ చెయ్యకు."

"ఇన్నవా?" అంది చిన్నమ్మ నాతో. "గా కుక్కకు ఏం లేకుంటె నాకేముంటది? పొద్దంతా లైన్ల నిలబడి నేనేం చెయ్యాలె?"

"డాక్టరమ్మ ఏం చెప్పింది చిన్నమ్మా? ఆపొద్దన్నది గదా."

"ఎదురింటోడు అబద్ధమాడ్తడా?" అంది. ఆ తర్వాత నేనెంత చెప్పినా వినలేదు.

పుండు మానింది. దసరా, దీపావళి అయిపోయాయి. చలి మొదలయ్యాక ఒకరోజు మణికట్టు జుమ్ముమంటోందని అంది. మిషన్ మీద గుడ్డ పట్టుకొని కుట్టీ కుట్టీ వచ్చిన నొప్పేమో అనుకుంది. జ్వరం వచ్చింది. మరుసటి పొద్దున చాయ్ గ్లాసు నోటి దాకా తీసుకెళ్లి విసిరికొట్టింది. గొంతు బిగిసిపోయి, కళ్లు పెద్దవి చేసి నా వైపు చూసింది. నీళ్లిస్తే వణికింది. ఫ్యాన్ గాలి తగిలినా ఉలిక్కిపడింది.

హైదరాబాద్‌లో పెద్ద దవాఖానకు తీసుకెళ్లాం. అక్కడి డాక్టరు ఒకే ప్రశ్న అడిగాడు. "కరిచిన కుక్క ఏమైంది?"

వరండాలోకి వచ్చి ఎదురింటికి ఫోన్ చేశాను. ఆయన ఎత్తి, నా గొంతు వినగానే ఫోన్ భార్యకు ఇచ్చాడు. కుక్క సంగతి ఆమెనే అడిగాను.

"సచ్చిపోయింది చెల్లె. కరిచిన వారంలనే. నోట్ల సొంగ కారుకుంట తిరిగి తిరిగి పడిపోయింది. పొలం కాడనే బొంద పెట్టిన్రు."

"మరి మీరంత దాన్ని ముట్టుకున్నరు గదా వదినా?"

"మేము సూదులు తీసుకున్నం. బీదర్ల. పిల్లలు గూడ."

"మాకెందుకు చెప్పలేదు?"

"గల్లీల ఇజ్జత్ పోతదన్నడు. పోలీసులొస్తరని భయపడ్డడు. అక్కకు ఒక సూది పడ్డది గదా, ఏం గాదనుకున్నం..." అని ఏడ్చింది. నేను ఫోన్ పెట్టేశాను.

డాక్టరు ఇక చేయడానికేమీ లేదన్నాడు. చీకటి గదిలో ఆమెను మంచానికి కట్టారు. మధ్యమధ్య తెలివి పూర్తిగా వచ్చేది. ఆ తెలివే చూడలేకపోయాను. ఒకసారి నన్ను గుర్తుపట్టి, ఎండిపోయిన పెదాలతో, "పొలం కాడ కుక్క మంచిగనే ఉన్నదంట గదా బిడ్డా. మరి నాకేమైంది?" అంది. నేను నిజం చెప్పలేదు. గ్లౌజు తొడిగిన చేత్తో ఆమె చేయి పట్టుకొని, "తగ్గుతది" అన్నాను. ఆమె ఆ మరునాడు పోయింది.

పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చాను. కేసు ఇంకా నడుస్తోంది. ఆయన ఒకసారి పెద్దమనుషులను వెంటబెట్టుకొని వచ్చాడు. మనిషి బాగా చిక్కిపోయాడు. "తప్పయింది చెల్లె. కుక్కను పెంచుడంటె అన్నం పెట్టుడే అనుకున్న. జర దయ సూడు" అని చేతులు జోడించాడు.

"దయ సూడనీకి నేనెవరిని? దయ సూసేటామె పోయింది" అన్నాను. రాజీకి ఒప్పుకోలేదు.

మున్సిపాలిటీ వాళ్లు ఆటోకు మైకు కట్టి వీధివీధీ తిరిగారు. పెంపుడు కుక్కలను రాయించాలి, ఏటా టీకా వేయించాలి, గొలుసు లేకుండా బయటికి వదలొద్దు అని. కొందరు వేయించారు. కొందరు మాత్రం ఈ గొడవంతా ఎందుకని ఏళ్లుగా పెంచుకున్న కుక్కలను బండ్ల మీద తీసుకెళ్లి మొగుడంపల్లి తోవలో వదిలేసి వచ్చారు. అవి కొన్నాళ్లు రోడ్డు పక్కన నిలబడి ప్రతి బండినీ ఆశగా చూసేవి. లారీల కింద పడినవి పడ్డాయి.

వాటిలో ఒక ముసలి కుక్క నడిచి నడిచి మా వీధికే తిరిగొచ్చింది. పెంచినవాళ్లు గేటు తీయలేదు. మా గోడ నీడలో పడుకుంది. చూస్తూ చూస్తూ ఊరుకోలేక పశువుల దవాఖానకు తీసుకెళ్లి టీకా వేయించాను, మున్సిపాలిటీలో నా పేరున రాయించాను. దాని దగ్గరికి పోవాలంటే ఇప్పటికీ నాకు భయమే. దాన్ని ముద్దు చేయలేను. అన్నం పెడతాను, నీళ్లు పెడతాను, పొద్దున గొలుసు పట్టుకొని నడిపిస్తాను.

"కుక్క కరిచే పోయింది గదా మీ చిన్నమ్మ, మల్ల కుక్కనే తెచ్చుకున్నవా?" అని పక్కింటామె అడిగింది.

"దాన్ని ఎవరో ఒకరు సూడాలె గదమ్మా" అన్నాను. ఎదురింటాయన గేటు దగ్గర నిలబడి మా మాటలు వింటున్నాడు. లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.