పసుపు కడిగిన కవరు

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెబితే జాలిపడతారు. ఆ జాలి నాకు అక్కర్లేదు. ఇన్నేళ్ళుగా నా గుండెల మీద కూర్చున్న బరువు ఓ పాత తపాలా కవరు. ఊదితే ఎగిరిపోయే కాగితం. దాన్ని మోయలేక చస్తున్నాను.

ముందు నా సంగతి. కోవిల్‌పట్టిలో ఒక పత్తి మిల్లులో ఇంగ్లీషు ఉత్తరాలు రాసే గుమాస్తాను. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చేసరికి కళ్ళు నెత్తికెక్కినవాణ్ణి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. మూడింటిలోనూ తడుముకోకుండా అబద్ధం చెప్పగలను. పాత స్టాంపులు పోగుచెయ్యడం నా పిచ్చి. విరుదునగర్‌లో ఒక రిటైరైన అధికారి ఇంట్లో ఆదివారాలు అలాంటి పిచ్చివాళ్ళే చేరేవారు. ఒక్కొక్కడూ పెద్దమనిషే. స్టాంపు మీద ఎప్పుడో పోయిన రాణిగారి ముక్కు దగ్గర గీత ఒకటా రెండా అని భూతద్దాలు పట్టుకుని ముఖాలు కందిపోయేలా వాదించుకునే ముసలి పిల్లకాయలు. లోలోపల వాళ్ళను చూసి ఛీ అనుకునేవాణ్ణి. అయినా వాళ్ళు ఒక్కరోజైనా నాకు కుర్చీ వెయ్యకపోతారా అని రైలెక్కి వెళ్ళి, గోడవార నిలబడి వచ్చేవాణ్ణి. మరి నన్నేమనాలి?

వాళ్ళ దగ్గర విడి స్టాంపులు బోలెడు. లేనివి కవర్లే. ఊడదీసిన స్టాంపుకు ఊరూ పేరూ ఉండదు. ఎక్కడ బయలుదేరింది, ఎవరింటికి చేరింది, దారిలో ఏ ముద్ర పడింది అన్నదంతా కవరు మీదే ఉంటుంది. స్టాంపులు పుట్టిన కొత్తలో మా నల్లరేగడి పల్లెలకు వచ్చిన కవరును వాళ్ళలో ఒక్కడూ చూడలేదు. నేను చూశాను. మా మేనత్త చీరల పెట్టెలో.

అత్తది ఒట్టపిడారం దగ్గర పల్లె. చదువు రాదు. ఆ కవరు సిపాయిల గొడవకు ముందుది. ఎర్రటి అణా స్టాంపు, అంచుకు పళ్ళు లేవు, కత్తెరతో కత్తిరించి అంటించారు. దాని మీద నల్లటి చుక్కల ముద్ర. లోపలి ఉత్తరాన్ని ఎప్పుడో చెదలు తినేశాయి. మా మామ శ్రీవిల్లిపుత్తూరులో తన అమ్మమ్మగారింట్లో పుట్టినప్పుడు, ఆ కబురు మోసుకొచ్చిన కవరది. ఈ సంగతి అత్తకు వాళ్ళత్త చెప్పింది, నాకు అత్త చెప్పింది. మామ పోయాక ఆవిడ అప్పుడప్పుడూ దాన్ని తీసి తడుముకునేది. నేను అడిగితే ఇవ్వనంది. విసుక్కోకుండా, నవ్వుతూనే ఇవ్వనంది.

మాలో ఒక పద్ధతి ఉంది. శుభవార్త రాస్తే కాగితం నాలుగు మూలలా పసుపు పూస్తారు. చావు కబురైతే, అంటే కరుమాది తపాలైతే, మూలకు నలుపు పూస్తారు. దాన్ని చదివిన వెంటనే చింపి బయట పారెయ్యాలి. ఇంట్లో ఉంచితే ఇంకో చావును పిలిచినట్టే. నేను ఇదంతా మూఢత్వమని మిల్లులో వేళాకోళం చేసేవాణ్ణి.

ఒక ఏడు అత్త మనవడు జ్వరంతో పోయాడు. నడక నేర్చిన పిల్లవాడు. పలకరించడానికి వెళ్ళాను. అత్త నన్ను పెరట్లోకి పిలిచి, కొంగులోంచి ఆ కవరు తీసింది. మూడు మూలల్లో పాతబడిన పసుపు. నాలుగో మూలలో స్టాంపు, దాని మీద ఆ నలుపు.

"సామీ, నువ్వు సదివినోడివి. నిజం సెప్పు. ఈ మూల నలుపు ఏల ఉండాది? ఇది కరుమాది తపాలా? దీన్ని పెట్లో పెట్టుకొని నేనే బిడ్డను సంపుకొంటినా?"

అది తపాలాఫీసువాళ్ళు కొట్టిన ముద్ర. వాడిన స్టాంపును ఎవరూ మళ్ళీ వాడకుండా ప్రతి ఉత్తరం మీదా కొడతారు. ఆ ముద్రల గురించి నేను గంటసేపు మాట్లాడగలను. ఆవిడకు ఒక్క ముక్క చాలు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ చెయ్యి కవరుతో నా వైపు చాచి ఉంది.

"అవును అత్తా," అన్నాను. "ఇట్లాంటిది ఇంట్లో పెట్టుకోగూడదు. ఇయ్యి, ఊరి బయట కాల్చేస్తా."

ఇచ్చేసింది. ఇచ్చి, ఆ చేతిని చాలాసేపు మట్టితో తోముకుంది.

ఆ ఆదివారమే విరుదునగర్ వెళ్ళాను. ఎంత సిగ్గులేనితనమో చూడండి, అక్కడ మాత్రం నిజమే చెప్పాను. ఇది చావు కబురు కాదు, కొడుకు పుట్టిన కబురు, ఫలానా ఊరి నుంచి ఫలానా ఇంటికి వచ్చిందని పూసగుచ్చినట్టు వివరించాను. ఆ మాట ఎవరి ప్రాణానికి అవసరమో ఆవిడకు చెప్పలేదు. ఎవరికి కాలక్షేపమో వాళ్ళకు చెప్పాను. కుర్చీ వేశారు. కాఫీ ఇచ్చారు. ఇంటాయన మూలల్లోని పసుపు చూసి, సాంబారు ఒలికిందా అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మరకలు తీసేస్తే కవరు కంటికి ఇంపుగా ఉంటుందని ఆయన సలహా ఇచ్చాడు. ఇంటికి వచ్చి తడిగుడ్డతో, అద్దుడు కాగితంతో, స్టాంపుకు చెమ్మ తగలకుండా, దాన్ని కప్పి రోజూ ఎండ చూపిస్తూ, ఎంతో ఓపికగా ఆ పసుపంతా తీసేశాను. అంత ఓపిక నాకు మనుషుల మీద ఎన్నడూ లేదు.

తరువాత అత్త ఇంట్లో మళ్ళీ మగపిల్లవాడు పుట్టాడు. పేరు పెట్టేనాడు నేనూ ఉన్నాను. కోడలు బిడ్డను తెచ్చి అత్త ఒడిలో పెట్టబోయింది. అత్త రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. నా చేతులు మంచివి కావమ్మా అని గడప బయటికి వెళ్ళి నిలబడింది. నేను పాయసం తాగుతున్నాను. తాగడం ఆపలేదు. అప్పుడైనా చెప్పవచ్చు కదా? చెబితే కవరు ఏదని అడుగుతారు. కాల్చానని చెప్పినవాణ్ణి. అంతకన్నా పెద్ద కారణమేదో ఉండి ఉంటుందని ఇన్నేళ్ళూ వెతికాను. లేదు. అంతే.

ఆ పిల్లవాడు ఇప్పుడు బడికి పోతున్నాడు. అత్త వాణ్ణి ఒక్కసారి కూడా ఎత్తుకోకుండానే పోయింది.

కవరు నా దగ్గరే ఉంది. ఇప్పుడు తీసి చూస్తే పసుపు జాడ కూడా లేదు. తెల్లటి కాగితం, ఒక మూల నలుపు. మావాళ్ళెవరు చూసినా కరుమాది తపాలే అంటారు. నేనాడిన అబద్ధానికి నా చేతులతోనే సాక్ష్యం తయారుచేశాను. క్షమించమని మిమ్మల్ని అడగను, మీరెవరు క్షమించడానికి? ఆనాడు పెరట్లో నోటిదాకా వచ్చి ఆగిపోయిన ముక్క ఒకటుంది. దాన్ని ఒక్కసారైనా బయటికి అనాలని ఇదంతా రాశాను.

అది తపాలాఫీసు సిరా అత్తా. ప్రతి ఉత్తరానికీ ఉంటుంది.