దిద్దిన మాట

ఇవాళ పొద్దున్న మా అమ్మాయి స్కూటీ తాళం తీసుకుని, "అమ్మా, ఎల్తన్నాను" అంది. వంటింట్లో నా చేయి ఆగిపోయింది.

నా చిన్నప్పుడు విజయనగరంలో మా పక్క వాటాలో సరళత్త వీణ నేర్పేది. ఒక సాయంత్రం తను పెంచుకున్న సన్నజాజి కుండీని మా గుమ్మంలో దించి, "దీన్ని నువ్వు సూసుకో. ఎల్తానే" అంది.

అలా అనకూడదని నాయనమ్మ నాకు నేర్పింది. పెద్దవాళ్ళ తప్పు పట్టుకున్నానని సంబరపడిపోయి, "ఎల్తాననకూడదత్తా, ఎల్లొస్తాననాల" అన్నాను. ఆమె నా తల నిమిరి, "సరేనే, ఎల్లొస్తాను" అంది.

మర్నాడు ఆమె వాకిట్లో జనం. తన ప్రాణం తనే తీసుకుందన్నారు. "లేదు, వస్తానంది" అని నేను అందరితోనూ వాదించాను.

ఆమెకి బతుకు అంత బరువెందుకయిందో నాకు ఇప్పటికీ తెలీదు. అంత ఇష్టమైన మొక్కని ఎందుకిచ్చేస్తోందని అడగకుండా, మాట దిద్ది పంపేశాను. సన్నజాజులు పూసినప్పుడల్లా అదే గుర్తొస్తుంది.

గుమ్మం దగ్గర అమ్మాయిని ఆపాను.

"ఎల్లొస్తాననాల, అంతే కదా" అని విసుక్కుంది.

"అది కాదే. నీ మనసు బాగున్నాదా?"

అమ్మాయి తాళం పక్కన పెట్టి కూర్చుంది.