మా పెదనాన్న చివరి ర్యాంకు

మా పెదనాన్నకి పరీక్షల పిచ్చి. పెట్టే పిచ్చి కాదు, రాసే పిచ్చి. పెట్టే పిచ్చి అయితే ఎవరూ ఆశ్చర్యపోరు, ఆయన హెడ్మాస్టరు కాబట్టి. యాభై ఏడేళ్ళ వయసు, నున్నటి బట్టతల, ముక్కు మీదికి జారే కళ్ళజోడు, లెక్కల్లో ఎమ్మెస్సీ, ఇవన్నీ పెట్టుకుని ఆయన ఏటా ఏడో తరగతి పిల్లలతో పాటు బెంచీ మీద కూర్చుని లెక్కల ఉమ్మడి పరీక్ష రాస్తారు. రాసి ఊరుకున్నా బాగుండేది. ఏటా తప్పుతారు. క్లాసు మొత్తానికి చివర వస్తారు.

ఉమ్మడి పరీక్ష అంటే అన్ని స్కూళ్ళలోనూ ఒకే రోజు, ఒకే గంటకి, ఒకే ప్రశ్నపత్రం. ఆ మార్కులు చూసి ఏ స్కూలు మంచిదో, ఏ పిల్ల తెలివైనదో, ఏ టీచరుకి చదువు చెప్పడం వచ్చో పైవాళ్ళు తేల్చేస్తారు. మా స్కూల్లో లెక్కల టీచర్ని నేనే. ఇప్పుడు నా అవస్థ మీకు అర్థమై ఉంటుంది. నా క్లాసులో, నా సబ్జెక్టులో, నా సొంత పెదనాన్నకి నూటికి పదిహేను, పదహారు వస్తుంటే నేను ఎవరికి మొహం చూపించను?

పరీక్ష ముందు రోజు సాయంత్రం వాళ్ళింటికి వెళ్తే చూడాలి ఆ హడావుడి. ఆయన నాలుగు పెన్సిళ్ళు చెక్కి, సరిపోవేమోనని అయిదోది చెక్కుతూ కూర్చుంటారు. పెద్దమ్మ బట్టలు మడతలు పెట్టుకుంటూ ఉంటుంది.

“ఏమే, కడుపులో తిప్పుతోందే.”

“రేపు పరీక్ష కదండీ. ఏటా తిప్పుతుంది.”

“ఎన్నిసార్లు చేసినా భిన్నాలు రావడం లేదే.”

“ఎమ్మెస్సీలో వచ్చాయిగా?”

“అప్పటి భిన్నాలు వేరు. ఇప్పటివి చాలా కష్టంగా ఇస్తున్నారు.”

పెద్దమ్మ నా వైపు చూసి, “వీణ్ణి ఏ స్కూల్లో వేసినా ఇంతేనే తల్లీ” అనేది. పెళ్ళయి ముప్ఫై ఏళ్ళు దాటినా, పరీక్షల రోజుల్లో మాత్రం ఆవిడకి ఆయన ‘వీడే’.

మా స్కూలు బస్సు డిపో పక్కన ఉంటుంది. బస్సు కదిలిందంటే కిటికీ అద్దాలన్నీ గజగజలాడతాయి. ఆ చప్పుళ్ళ మధ్య నేను ప్రశ్నపత్రాలు పంచుతుంటే, చిట్టచివరి బెంచీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని పెదనాన్న కూర్చుని ఉంటారు. అప్పటికే పక్క పిల్లల్ని రబ్బరు అడుగుతూ ఉంటారు.

“కిందటిసారి తీసుకున్న రబ్బరు ఇవ్వలేదు సార్ మీరు.”

“అది అరిగిపోయిందిరా. నా తప్పులు అలాంటివి.”

తర్వాత చెయ్యి లేస్తుంది. “టీచర్, మంచినీళ్ళు.” కాసేపటికి మళ్ళీ లేస్తుంది. “టీచర్, బయటికెళ్ళి రావచ్చా?” ఇంట్లో నన్ను ‘ఒసేయ్’ అని పిలిచే మనిషి, హాల్లో అడుగుపెట్టగానే బుద్ధిగా ‘టీచర్’ అయిపోతారు. ఇవన్నీ భరించాను. భరించలేనిది ఒకటే. ఆయన కాపీ కొడతారు.

“సార్, పక్కవాళ్ళ కాగితంలోకి చూడకండి.”

“చూడలేదు టీచర్.”

“చూశారు. నేను చూస్తుండగా చూశారు.”

“ఒక్కసారే టీచర్.”

పిల్లలంతా కిసుక్కుమనేవారు. నాకు తల కొట్టేసినట్టయ్యేది. పోనీ, ఆ కాపీ అయినా సవ్యంగా కొడతారా అంటే అదీ లేదు. కాపీ కొట్టేవాళ్ళెవరైనా బాగా వచ్చినవాళ్ళ పక్కన చేరతారు. ఈయన ఏరికోరి క్లాసులో అందరికన్నా వెనకబడిన పిల్ల పక్కన కూర్చుని, ఆ పిల్ల కాగితంలోకి తొంగి చూసేవారు. ఆ పిల్ల కలం కింద పెడితే ఈయనా కింద పెట్టేసేవారు. కాపీకి కూడా కాస్త తెలివి ఉండాలి కదా అని నేను లోలోపల ఏడ్చుకునేదాన్ని.

మార్కులు రాగానే వరసగా రాసి గోడకి అంటించాలని పైవాళ్ళ ఉత్తరువు. మా స్కూల్లో ఆ కాగితం కుళాయి పక్క గోడ మీద అంటిస్తారు. మిగతా స్కూళ్ళలో పిల్లలు పైనుంచి చదువుతారట. మావాళ్ళు కింద నుంచి చదువుతారు. “సారే! మళ్ళీ సారే!” అని ఒకటే కేకలు. పెదనాన్న నుదురు కొట్టుకుంటూ వచ్చి, “ఈసారి ప్రశ్నపత్రం కఠినంరా” అనేవారు. ఆ సాయంత్రం ప్రోగ్రెస్ కార్డు ఇంటికి తీసుకెళ్ళి పెద్దమ్మ చేత సంతకం పెట్టించుకొచ్చేవారు. తల్లిదండ్రుల అభిప్రాయం అన్న చోట ఆవిడ ఒక ఏడు, “ఇంట్లో చెప్పిన మాట వినడు, బళ్ళో అయినా వింటాడేమో చూడండి” అని రాసింది.

అంతటితో అయిపోదు. మర్నాటి నుంచి ట్యూషను. తనకన్నా ఒక్క మెట్టు పైనున్న పిల్ల దగ్గరికి వెళ్ళి, “నన్ను దాటేశావు కదమ్మా, ఇక నువ్వే నాకు దిక్కు” అనేవారు. స్కూలు వదిలాక ఆ పిల్ల హెడ్మాస్టరు కుర్చీలో, హెడ్మాస్టరు బెంచీ మీద. దారిన పోయేవాళ్ళు కిటికీలోంచి చూసి నవ్వుకునేవారు. నేను చూడనట్టు వెళ్ళిపోయేదాన్ని.

అలా సాగిపోతుండగా, ఒక ఏడు పైవాళ్ళు కొత్త రూలు పెట్టారు. సగటు మార్కు నలభైకి తగ్గిన స్కూళ్ళని మూసేసి, పిల్లల్ని పెద్ద స్కూళ్ళలో కలిపేస్తారట. మా పిల్లల్ని కలిపే స్కూలు పెద్ద రోడ్డుకి అవతల ఉంది. ఆ రోడ్డు మీద లారీలు ఎలా పోతాయో చూసిన తల్లి ఎవరూ పిల్లల్ని అటు పంపదు. సగం మంది చదువు మానేసి ఇంట్లో కూర్చుంటారని మాకందరికీ తెలుసు.

ఆ ఏడే ఇంకో మార్పు కూడా వచ్చింది. అంతవరకూ కాగితాలు నేనే దిద్దేదాన్ని, పెదనాన్న కాగితం సగటులో కలిపేదాన్ని కాదు. ఆ ఏడు నుంచి కాగితాలన్నీ కట్టగట్టి పై ఆఫీసుకి పంపాలన్నారు. కట్టేది మా గుమాస్తా. ఆయన లెక్క అంటే లెక్కే. పరీక్ష రాసిన వాళ్ళెందరో అన్ని కాగితాలు కట్టలో ఉండాలి, ఒకటి తక్కువైతే ఆయనకి నిద్ర పట్టదు. పెదనాన్న కాగితానికి కూడా శ్రద్ధగా ఒక నంబరు వేసి, కట్టలో పెట్టి, సీలు వేసి పంపేశారు.

ఫలితాలు వచ్చాయి. సగటు నలభైకి రవ్వంత తక్కువ. ఆ రవ్వంతా ఎక్కడ పోయిందో చూద్దునా, చివర పెదనాన్న పదిహేడు మార్కులు. ఆ ఒక్క పదిహేడూ తీసేస్తే సగటు నలభై దాటుతుంది. పరిగెత్తుకుంటూ ఆయన గదికి వెళ్ళాను.

“పెదనాన్నా, మన స్కూలు ముంచింది మీరే!”

“నేనా? పదిహేడు వచ్చాయటగా. కిందటేటి మీద నయమే.”

“నవ్వులాట కాదు. మీ కాగితం పొరపాటున కలిసిందని ఒక్క ముక్క రాయండి. తీసేస్తారు. కొత్త వరస పంపుతారు. దాన్ని గోడకి అంటిస్తే సరి, పీడా పోతుంది.”

ఆయన నవ్వు ఆగిపోయింది. కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నారు.

“కొత్త వరసలో చివర ఎవరుంటారే?”

“ఎవరుంటే ఏం? పిచ్చుక ఉంటుంది. పంతొమ్మిది వచ్చాయి దానికి.”

పిచ్చుక అంటే పక్క సందులో బట్టలు కుట్టే ఆవిడ కూతురు. పిట్టంత ఉంటుంది కాబట్టి అందరూ అలాగే పిలుస్తారు. ఆ ఏడు పెదనాన్న పక్కన కూర్చున్నది అదే.

“చివర ఎవరో ఒకరు ఉండాలి కదా పెదనాన్నా.”

“ఉండాలి. నేనున్నానుగా.”

నాకు వెంటనే ఎక్కలేదు. ఆయన మెల్లగా చెప్పారు. నేను ఉద్యోగంలో చేరకముందు, గోడ మీద చివరి పేరు చూసుకున్న పిల్లవాడొకడు అలాగే వెనక్కి తిరిగి ఇంటికి వెళ్ళిపోయాడట. మళ్ళీ బడి మొహం చూడలేదట. “వాడికి పద్దెనిమిది వచ్చాయి. పద్దెనిమిదికి ఏం కాలేదే, చివర అన్న మాటకి అయింది. ఆ చోట నేను కూర్చుంటే నాకు పోయేదేముంది? బట్టతల ఎలాగూ ఉంది, దానికి తోడు ఇదొకటి.”

అప్పుడు తట్టింది నాకు. ఆయన కాపీ కొట్టలేదు. ఆ పిల్లకి ఎన్ని వస్తాయో చూసుకుని, తనకి అంతకన్నా తక్కువ వచ్చేలా రాస్తున్నారు. లెక్కల్లో ఎమ్మెస్సీ చదివిన మనిషి ఏళ్ళ తరబడి లెక్క తప్పకుండా తప్పులు రాశారు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. కానీ ఏడవడానికి తీరిక లేదు.

“మరి స్కూలు పోతే?”

“స్కూలూ పోకూడదు, పిల్లా పోకూడదు. ఆలోచించనీ.”

ఆయన ఆలోచన తెమలకముందే ఇన్‌స్పెక్టరమ్మ వచ్చేసింది, స్కూలు మూయాలో వద్దో కళ్ళారా చూసి రాయడానికి. చెప్పకుండా, స్కూలు వదిలే వేళకి వచ్చింది. మాటలో నవ్వు లేని మనిషి. నేను కంగారుగా హెడ్మాస్టరు గదికి తీసుకెళ్ళాను. గుమ్మం దగ్గరే ఇద్దరం ఆగిపోయాం.

కుర్చీలో పిచ్చుక. కాళ్ళు నేలకి అందడం లేదు. బల్ల మీద గుడ్డ ముక్కలు, కొలత టేపు. ఎదురుగా బెంచీ మీద పెదనాన్న.

“అరకి మూడో వంతు కలిపితే ఎంత సార్?”

“పైన ఒకటీ ఒకటీ రెండు. కింద రెండూ మూడూ అయిదు. రెండు అయిదో వంతులు!”

“నేనూ పరీక్షలో అలాగే రాశా. కానీ ఇలా చూడండి సార్. ఇది అర గజం ముక్క. దీనికి ఇంకో ముక్క కుట్టాం. కుట్టాక పెరగాలా, తగ్గాలా?”

“పెరగాలి.”

“మీ రెండు అయిదో వంతులు అర కన్నా తక్కువ. గుడ్డ కలిపితే గుడ్డ తగ్గిందంటే మా అమ్మ ఒప్పుకుంటుందా? గిరాకీలు ఊరుకుంటారా?”

పెదనాన్న బుర్ర గోక్కున్నారు. “మరెలాగమ్మా?”

“రెండూ ఒకే కొలతలోకి తేవాలి సార్. ఆరు మడతలు పెడదాం. అరలో మూడు మడతలు, మూడో వంతులో రెండు మడతలు. మొత్తం అయిదు. ఆరింట అయిదు!” అంటూ అది గుడ్డ మడిచి చూపించింది. చూపిస్తూ తనే ఆశ్చర్యపోయి, “అవును సార్, ఆరింట అయిదే!” అంది.

నేను ఏడాది పొడుగునా బోర్డు మీద చెప్పిన లెక్క అది. ఇన్‌స్పెక్టరమ్మ నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

ఆవిడ లోపలికి అడుగు పెట్టగానే పిచ్చుక కుర్చీలోంచి దూకింది.

“పదిహేడు మార్కులు వచ్చింది ఈయనకేనా?” అంది ఆవిడ.

పెదనాన్న లేచి నిలబడి, “నాకేనండి” అన్నారు. ఇంకేదో చెప్పబోయారు గానీ, పిచ్చుక ఆయనకి అడ్డంగా వచ్చి నిలబడింది. మొహం ఎర్రబడిపోయింది.

“మేడమ్, సార్‌ని బళ్ళోంచి తీసేయకండి.”

“ఏం, ఎందుకు తీయకూడదు?”

“తొందరపడి తప్పులు రాస్తారు గానీ, శ్రద్ధ ఉందండి. చెబితే వింటారు. ఇవాళ భిన్నాలు కూడా వచ్చేశాయి. ఒక్క ఏడాది ఇవ్వండి మేడమ్, నేను పాస్ చేయిస్తా.”

బయట బస్సు కదిలి కిటికీలు గజగజలాడాయి. ఇన్‌స్పెక్టరమ్మ ఆ పిల్లనీ, ఆ వెనకాల తల వంచుకున్న బట్టతలనీ చాలాసేపు చూసింది. ఆవిడ పెదవుల చివర నవ్వులాంటిది మొదలైంది.

“సరే. ఒక్క ఏడాది ఇస్తున్నాను. పూచీ నీదే.”

వెళ్తూ వెళ్తూ వరండాలో నాతో అంది, “సగటంటే పిల్లలది. పెద్దాయన మార్కులు అందులో కలపడం పొరపాటని రాస్తాను. మీ స్కూలుకి ఢోకా లేదు.”

“మరి గోడ మీది కాగితం, మేడమ్?”

“సగటు మా ఆఫీసుది. గోడ మీ స్కూలుది. చివర ఎవరుండకూడదో ఉత్తరువులో ఎక్కడా రాయలేదు.”

ఆవిడ ఇచ్చిన ఆ ఏడాదంతా స్కూలు వదిలాక హెడ్మాస్టరు గదిలో కుర్చీలు చాలలేదు. సార్‌ని పాస్ చేయించే బాధ్యత ఒక్కత్తి వల్ల అయ్యేది కాదని, ఎనిమిదిలోకి వెళ్ళిన పిచ్చుక కొత్త ఏడో తరగతిలోంచి ఇంకో నలుగుర్ని పోగేసింది. లెక్కల్లో బొత్తిగా రానివాళ్ళంతా ఒకరి మీద ఒకరు పడి ఆయనకి చెప్పేవాళ్ళు. చెప్పడానికి ముందు నా దగ్గరికి వచ్చి నేర్చుకునేవాళ్ళు. “తొందరగా చెప్పండి టీచర్, సార్ ఎదురు చూస్తుంటారు” అని నన్ను కసిరేవాళ్ళు.

మొన్న మళ్ళీ మార్కులు వచ్చాయి. కాగితం అంటించగానే పిల్లలు కింద నుంచి చదివారు. చివర సారే. ఆయన పేరు పక్కన మార్కులు చూసి నేను కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను. యాభై ఒకటి. మా క్లాసులో అంతకన్నా తక్కువ వచ్చినవాళ్ళు ఎవరూ లేరు. పిల్లలు చప్పట్లు కొట్టి, “పాసయ్యారు సార్!” అని ఆయన్ని చుట్టుముట్టేశారు.

పెదనాన్న ఆ గుంపులోంచి ఎలాగో బయటపడి, చెమట తుడుచుకుంటూ నా చెవిలో అన్నారు.

“ఒసేయ్, వీళ్ళు ఇలాగే చదివితే నా పని అయిపోయినట్టేనే. వచ్చే ఏడు చివర రావాలన్నా నేను నిజంగా చదవాలి.”